దిగుతున్న తీగ

402వ రోజు, శనివారం

తాడు: నూరు. కూర: బచ్చలి.

ఇంటికొక రోజుపుస్తకం రాయాలన్నది మా ఊరంతటినీ కప్పి ఉన్న ఈ గుడారం నియమం. ఇక్కడ ఏడాదికి ఆరువందల అరవై ఎనిమిది రోజులు; అలాంటి పదేళ్లుగా నేను రాసేది పై రెండు ముక్కలే. ఇవాళ మాత్రం ఇంకొంచెం రాయాలనిపించింది. మా అమ్మాయి మృదుల టెన్నిస్ కోర్టు నుంచి వచ్చి రాకెట్టును గిన్నెల మధ్య విసిరేసింది మరి.

"ఏం తీగ కట్టావే అమ్మా ఇది? ఇలా ముట్టుకుంటే చాలు, బంతి గీత దాటేసి ఆ చివరిళ్ల మీదకి పోతోంది. వచ్చే ఆదివారం ఫైనల్ నాకు!"

ఈ ఎర్రనేలకు దేన్నైనా కిందికి లాగే పట్టు తక్కువ. బంతి అసలే తేలిపోతుంది. అందుకే తీగను గట్టిగా, యాభై అయిదు పౌండ్లకు బిగిస్తాను. తీగ వదులైతే బంతి ఇంకా దూరం పోతుంది. ఆట తెలియనివాళ్లు దీన్ని తిరగేసి అనుకుంటారు.

బిగువు కొలిచే యంత్రం మా ఇంట్లో లేదు. నా పద్ధతి నాది. రాకెట్టును పిడి పట్టుకుని వేలాడదీసి, నడిమి తీగల మీద చెక్కగరిటె కాడతో ఒక్క దెబ్బ కొట్టి చెవి ఆనిస్తాను. పక్కన మా అమ్మమ్మ శ్రుతిపెట్టె మోగుతూ ఉంటుంది. అది ఒకటో శ్రుతిలో 'స' పట్టుకుంటే, మిగతా స్వరాలు నా గొంతు చూసుకుంటుంది. యాభై అయిదు పౌండ్ల కొత్త తీగ పైస్థాయి 'రి' పలుకుతుంది. అది 'స'కు దిగిందంటే బిగువులో అయిదో వంతు పోయినట్టే. నలభై నాలుగు. కొత్త తీగ మొదటిరోజు ఆడినా ఆడకపోయినా కాస్త దిగుతుంది, తర్వాత కుదురుకుంటుంది. కాపురానికొచ్చిన పిల్లలాగే.

ఇది కట్టి తొమ్మిది రోజులే అయింది. కొట్టి చూస్తే 'స' పలికింది. నా చేతుల మీద నాకే కోపం వచ్చింది. వయసు మీద పడుతోంది, బిగించేటప్పుడు పట్టు జారి ఉంటుంది.

403వ రోజు, ఆదివారం

తాడు: నూరు. కూర: సొరకాయ.

మృదుల రాకెట్లు రెండూ విప్పి కొత్తగా కట్టాను. మాకు తీగంటే గుడారం తాళ్లలోంచి ఊడదీసిన పోగే. ఎక్కడ తాడు మార్చినా మిగిలిన ముక్క నాకు ఇస్తారు. పైనున్న గుడ్డను పట్టుకుని ఉన్నది ఏదో, మా పిల్లలు బంతి కొట్టేదీ దానితోనే.

రెండూ 'రి' పలికాయి. రెండుసార్లు కొట్టి చూసుకున్నాను. ఒకటి వంటింటి కొక్కేనికి తగిలించాను. రెండోది కూడా అక్కడే పెట్టబోతే మృదుల ఒప్పుకోలేదు.

"వద్దమ్మా, ఆ మందు ఆవిరికి పిడి జిగటగా అవుతోంది. విత్తనాల పెట్టెలో పెట్టు, దానికి మూత గట్టిగా పడుతుంది కదా."

మందు ఆవిరి అంటే బూజుకు వదులుతున్నది. మిరపమొక్కలకు బూజు పడుతోందని నలభై రోజులుగా పొద్దునా సాయంత్రం పైపుల్లోంచి వదులుతున్నారు. వాసనకు పుల్లటి మజ్జిగలా ఉంటుంది. సరేనని రెండో రాకెట్టును విత్తనాల పెట్టెలో పెట్టి మూత బిగించాను.

406వ రోజు, బుధవారం

తాడు: నూరు. కూర వండలేదు.

పొద్దున రాకెట్లు కొట్టి చూశాను. వంటింటిది 'రి' నుంచి దిగి 'స'కు చేరువలో ఉంది. మూడు రోజులకే! ఈసారి నా చేతులను తిట్టుకుంటూ పెట్టెలోది తీశాను. కొట్టాను. 'రి'. మొదటిరోజు దిగాల్సిన ఆ కాస్త తప్ప ఏమీ దిగలేదు.

ఒకే పోగు, ఒకే చెయ్యి, ఒకే రోజు. ఒకటి మా గాలిలో ఉంది, ఇంకొకటి లేదు. తేడా అంతే.

నేను వంటింట్లో నిలబడి వెనక గోడ వైపు చూశాను. మా ఇంటి తాడు అక్కడే ఉంది. నేల కింద సొరంగం రాతిలోంచి పుట్టి, మా గోడ పక్కగా పైకి వెళ్లి గుడారం గుడ్డను పట్టుకుంటుంది. ఇలాంటివి నలభై ఎనిమిది, ఇంటికొకటి. పొద్దున్నే ఇంటివాళ్లు తాడును గరిటెతో కొట్టి చెవిపెట్టె ఆనిస్తే అది అంకె చూపిస్తుంది. వీధిలో ఎవరు ఎదురైనా పలకరింపు ఒకటే. "నూరా?" "నూరే." గుడ్డకు అవతల గాలి లేదు కాబట్టి మాకు అంతకు మించిన క్షేమసమాచారం లేదు.

చెవిపెట్టె ఇవాళ కూడా నూరే చూపించింది. కానీ నాకు శ్రుతిపెట్టె ఉంది కదా. మృదులకు సంగీతం నేర్పిన రోజుల్లో మా తాడు మోతకే దానికి 'ప' పట్టించాను. అది నాకు తెలిసిన 'ప'. ఇవాళ కొట్టి, 'స' పెట్టి చూసుకుంటే 'మ' పలికింది. 'ప' నుంచి 'మ'కు. అంటే మళ్లీ అదే అయిదో వంతు.

పొయ్యి ఆర్పేసి పీట మీద కూర్చుండిపోయాను. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, మిరపమొక్కల బూజుకు వేసిన మందు మా తలమీది కప్పును తినేస్తోంది.

మా ఆయన సత్తిరాజు గారు ఈ గుడారానికి మూలతాడు కాపరి. ఆఫీసు గదిలో ఒక తాడును నూరు బిగువుకు లాగి ఉంచుతారు, అదే మూలతాడు. ప్రతి శుక్రవారం ఆయన ఇంటింటి చెవిపెట్టెనూ దానికి సరిచేస్తారు. మందు ఆవిరి వల్ల తాళ్లకేమీ కాదని సంతకం పెట్టింది కూడా ఆయనే.

భోజనం దగ్గర నెమ్మదిగా కదిపాను. ఉన్నది నిన్నటి అన్నమూ పచ్చడే.

"ఏవండీ, మన తాడు మోత దిగినట్టు అనిపిస్తోందండీ."

"పెట్టె ఎంత చూపిస్తోంది?"

"నూరే."

"మరింకేంటే? పదేళ్ల బట్టీ చూస్తున్నాను, ఆ పెట్టెలు నాకు తెలీదా? చెవులు దిగుంటాయి నీకు."

అని నవ్వి నా చెవి పట్టుకుని ఊపారు. ఆ నవ్వు చూశాక రెండు రాకెట్ల సంగతి నోటిదాకా వచ్చి ఆగిపోయింది. నాలుగో వరసలో ఒకాయన అంకె తప్పు చెప్పాడని తేలిన నాటినుంచి ఎవరూ అతన్ని "నూరా?" అని పలకరించరు. మనిషి పక్కనుంచే వెళతారు, నోరు విప్పరు. అతను చచ్చేదాకా అంతే. మా ఆయనకు ఆ గతి పట్టడం నేను చూడలేను. రేపు చెబుతాను, ముందు ఇంకొకసారి సరిగ్గా చూసుకుంటాను అనుకున్నాను.

407వ రోజు, గురువారం

తాడు: నూటరెండు. కూర: బెండకాయ, మాడింది.

పోటీలకు గాలి పెంచడం ఇవాళ మొదలుపెట్టారు. ఏటా ఉన్నదే. గుడారం ఉబ్బి కోర్టు మీద కప్పు ఇంకో రెండు బారలు లేస్తుంది, పైకెగిరిన బంతి గుడ్డకు తగలదు. మూడు రోజుల్లో కొంచెం కొంచెంగా పెంచుతారు. తాళ్లు బిగుసుకుని అంకె నూరు దాటితే వీధిలో ఈలలు వేస్తారు. ఇవాళ పొద్దున అందరూ "నూటరెండా?" "నూటరెండే!" అని ఒకటే సంబరం. నేనూ "నూటరెండే" అన్నాను. నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది. బలం పోయిన తాడు మీద ఇంకా బరువు వేస్తున్నారు, నేను ఈల వేస్తున్నవాళ్ల మధ్య నిలబడి నవ్వుతున్నాను.

మృదుల రాకెట్టు తీసుకుని బయలుదేరుతుంటే చెయ్యి పట్టుకున్నాను.

"ఆదివారం ఆడొద్దే."

"ఎందుకంట?"

"వద్దన్నానా, వద్దంతే. కోర్టు వైపు పోవద్దు. సొరంగంలో పిన్ని వాళ్ల కొట్టు దగ్గర కూర్చో ఆదివారమంతా."

"నీకేమన్నా పిచ్చా అమ్మా? రెండేళ్లు కష్టపడ్డాను దీనికోసం!"

కారణం చెప్పలేదు. అది ఏడుస్తూ వెళ్లిపోయింది. తలుపు దగ్గరే నిలబడి ఆలోచిస్తే సిగ్గేసింది. నా పిల్లను దాచుకోవాలని చూశానే గానీ, ఆ గుడ్డ కింద ఇంకా రెండువందల మంది ఉన్నారు.

408వ రోజు, శుక్రవారం

తాడు: నూటనాలుగు. కూర: పప్పు.

మా ఆయనకు క్యారేజీ పట్టుకుని ఆఫీసుకు వెళ్లాను. ఎప్పుడూ ఆయనే ఇంటికి వచ్చి తింటారు. "ఏంటివాళ, కొత్తగా?" అని మురిసిపోయి చేతులు కడుక్కోవడానికి వెళ్లారు.

గదిలో మూలతాడు రెండు కొయ్యల మధ్య లాగి కట్టి ఉంది, దుమ్ము లేకుండా తుడిచి. దాని పైనే మందు ఆవిరి పైపు నోరు. నేను కొంగులో దాచి తెచ్చిన గరిటె తీసి కొట్టాను. ఈ తాడు మోత కూడా నాకు తెలుసు. పెళ్లయిన కొత్తలో ఈ గదిలోనే కూర్చుని మా ఆయనకు స్వరాలు నేర్పబోయి, రాక నవ్వుకున్నాం. ఇది 'రి' పలకాలి. నా గొంతులో 'స' పట్టుకుని వెతికాను. ఇది కూడా 'స'కు వచ్చేసింది.

అప్పటికి అర్థమైంది. మూలతాడూ అదే పోగు, అదే గాలి. అదీ ఇళ్లతో పాటే దిగుతోంది. దిగిన దానికి నూరని పేరు పెట్టి, ఆయన ప్రతి శుక్రవారం నలభై ఎనిమిది పెట్టెలనూ ఎంతో శ్రద్ధగా తప్పుకు సరిచేస్తున్నారు. అందరూ కలిసి కుంగుతుంటే కుంగినట్టు ఎవరికి తెలుస్తుంది?

ఆయన చేతులు తుడుచుకుంటూ వచ్చి, "మధ్యాహ్నం రెండో వరస పెట్టెలు సరిచెయ్యాలి. పోటీల ముందు ఒక్క అంకె తేడా రాకూడదు," అన్నారు. ముద్ద కలుపుతున్న ఆయన చేతిని చూస్తూ కూర్చున్నాను. నోరు తెరిస్తే ఏడుపు వచ్చేలా ఉంది. తినేదాకా ఆగుదామనుకున్నాను. తిన్నాక ఎవరో వచ్చారు. ఖాళీ క్యారేజీ పట్టుకుని ఇంటికొచ్చేశాను.

409వ రోజు, శనివారం

పొద్దున తాడు కొట్టబోతే వేలికి ఏదో గుచ్చుకుంది. ఒక పోగు తెగి, జానెడు పొడవున బయటికి లేచి ఉంది. దాన్ని పట్టుకుని కాస్త లాగితే ఇంకోటి వచ్చింది. అంకె చూడలేదు.

"ఏవండీ!" అని అరిచాను. మా ఆయన షేవింగ్ సబ్బు ముఖంతోనే పరుగెత్తుకొచ్చారు. తాడు చూపించాను. రెండు రాకెట్లూ తెచ్చి ఆయన చేతుల్లో పెట్టాను. "కొట్టండి," అన్నాను. ఆయన వంటింటిది కొట్టారు, పెట్టెలోది కొట్టారు. మళ్లీ కొట్టారు. స్వరాలు రాని మనిషికి కూడా తెలిసేంత తేడా. ఎప్పుడు కట్టానో, ఎక్కడ పెట్టానో చెప్పాను. మూలతాడు కూడా దిగిందని చెప్పాను.

ఆయన గొడవపడతారనుకున్నాను. పడలేదు. సబ్బు ఆరిపోతున్న ముఖంతో అలాగే నేల మీద కూర్చున్నారు.

"ఎన్ని శుక్రవారాలే హైమా?" అన్నారు.

వెంటనే లేచి ముఖం కూడా కడుక్కోకుండా గుడారం పెద్ద జకరయ్య గారింటికి వెళ్లారు. నేను రాకెట్లు మోసుకుంటూ వెనక పరుగెత్తాను. దారిలో జనం "నూటఆరా?" అంటున్నారు. ఆయన ఎవరికీ జవాబు చెప్పలేదు.

జకరయ్య గారు పాతకాలపు మనిషి, రెండు రాకెట్లూ చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. "ఆయ్, తెలుస్తోంది. మరిప్పుడు ఏం చేద్దామంటావు రాజూ?"

"జనాన్నంతా సొరంగంలోకి పంపించెయ్యండి. గాలి తగ్గించాలి."

"గాలి యంత్రం ఆపేస్తే తగ్గదా?"

"పెంచకుండా ఆగుద్దండి, అంతే. పెంచిన గాలి బయటికి పోవాలంటే కోర్టు కింద చక్రం చేత్తో తిప్పాలి. నెమ్మదిగా తిప్పాలి, ఓ రోజు పడుద్ది. ఈ నిండు గాలి మీద చినిగితే సొరంగం తలుపు కూడా ఆగదండి."

"అదే గాలి పెంచకముందు, బుధవారమే తెలిసి ఉంటే?"

"బుధవారం నాటికి పెంచనేలేదు కదండీ. ఎవ్వరూ లోపల ఉండక్కర్లేదు. మందు ఆపేసి, యంత్రాన్ని ఇక్కడి నుంచే తగ్గించుకునేవాళ్లం. పెంచాక గాలి పోయే దారికి గడియ పడుద్ది, ఇక చక్రం తిప్పడమే."

ఆ మాట విన్నప్పుడు నేను గోడకు ఆనుకున్నాను. నా ముఖం వాళ్లిద్దరూ చూడలేదు.

చక్రం ఎవరు తిప్పాలన్న మాటే రాలేదు. తాడు కాపరి ఆయన. గాలి ముసుగు తగిలించుకుంటూ, "అమ్మాయిని జాగ్రత్తగా చూడు," అన్నారు. నేను ఆయన మణికట్టు పట్టుకుని వదల్లేకపోయాను. ఆయనే నా వేళ్లు ఒక్కొక్కటీ విడదీశారు.

410వ రోజు, ఆదివారం

సొరంగంలో రెండువందల పద్నాలుగు మందిమి ఉన్నాం. చంటిపిల్లలు ఏడుస్తున్నారు. ఫైనల్ లేదు. మృదుల నా పక్కనే కూర్చుంది, మూడు రోజుల తర్వాత మొదటిసారి.

తాళ్ల మొదళ్లన్నీ ఇక్కడి రాతిలోనే ఉన్నాయి. మా తాడు దగ్గర శ్రుతిపెట్టె పెట్టుకుని, ప్రతి పావుగంటకూ కొట్టి వింటున్నాను. ఆయన గాలి వదులుతున్న కొద్దీ మోత దిగుతోంది. ఇన్నాళ్లూ స్వరం దిగుతుంటే ప్రాణం పోయినట్టు ఉండేది. ఇప్పుడు దిగు తల్లీ, ఇంకా దిగు అని తాడుకు మొక్కుతున్నాను. 'గ' దాటింది. 'రి' వచ్చింది. ఆగితే ఆయన ఆగినట్టు. కొట్టినప్పుడల్లా జనమంతా మాటలు ఆపేసి నా ముఖం చూస్తున్నారు. నేను తల ఊపితే ఊపిరి వదులుతున్నారు.

మధ్యాహ్నం మూడింటికి 'స' కంటే కిందికి వచ్చింది. ఇంకాస్త ఉంది. అప్పుడు పైన పెద్ద గుడ్డ చింపిన చప్పుడు, నా చేతిలో తాడు ఒక్కసారి వణికి వదులైపోయింది. సొరంగం తలుపు దబదబా కొట్టుకుంది. ఎవరో కెవ్వుమన్నారు. తలుపు ఆగింది. మిగిలి ఉన్న గాలి అంతే గనక ఆగింది.

నేను తాడును మళ్లీ కొట్టాను, చచ్చిన తాడును. మళ్లీ కొట్టాను. మృదుల నా చెయ్యి పట్టుకుని ఆపింది.

పదకొండు నిమిషాల తర్వాత గాలి పోకుండా రెండు తలుపులున్న చిన్న గది తెరిచి ఆయన్ను లోపలికి లాగారు. బతికే ఉన్నారు. పెదాలు నీలంగా ఉన్నాయి. చెవుల్లోంచి రక్తం కారి ముసుగు లోపల గడ్డకట్టింది. గాలి ఒక్కసారిగా పోవడంతో రెండు చెవుల పొరలూ చిరిగాయని డాక్టర్ నస్రీన్ చెప్పింది. ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయంది. చెవులు మానడానికి రెండు నెలలు పట్టొచ్చు, అప్పటిదాకా ఏమీ వినబడదు అంది.

జనం ఆయన చుట్టూ మూగారు. నాలుగో వరసవాళ్లు కూడా వచ్చి కాళ్లకు దణ్ణం పెట్టారు. జకరయ్య గారు చేయి ఎత్తి, "హైమమ్మ గారి చెవి, రాజు గారి చెయ్యి మనల్ని బతికించాయర్రా," అన్నారు. ఆయనకు అది వినబడలేదు గానీ, అందరూ నన్ను చూడటం చూసి ఆయన కూడా నన్ను చూసి నవ్వారు. వినబడనివాళ్లలాగే పెద్దగా అరిచి మాట్లాడుతున్నారు.

"నువ్వు చూడబట్టే హైమా! లేకపోతే అందరం పోయేవాళ్లం!"

జనం పలచబడ్డాక మృదుల నా వైపు తిరిగింది.

"అమ్మా, నన్ను ఆడొద్దని గురువారం అన్నావు."

నేను శ్రుతిపెట్టె మూత వేశాను.

"శనివారం కదా నాన్నకు చెప్పావు. గురువారం నీకెలా తెలుసు?"

"బుధవారం తెలిసింది," అన్నాను.

అది వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. గాలి ఎప్పుడు పెంచారో ఆ పిల్లకూ తెలుసు, కోర్టు దానిదే కదా. లేచి వెళ్లి నాన్న పక్కన కూర్చుని ఆయన తల ఒళ్లో పెట్టుకుంది. నన్ను మళ్లీ చూడలేదు.

నేనూ ఆయన దగ్గరకు వెళ్లాను. చెయ్యి పట్టుకుని, "ఏవండీ, నాకు బుధవారమే తెలుసండీ. మీ పరువు పోతుందని భయపడి నోరు మూసుకున్నాను. మూడు రోజులు మూసుకున్నాను. మీ చెవులు నేనే తీశాను," అని చెప్పాను. పెదాలు కదలడం చూసి ఆయన తల ఊపారు. నేను ఏదో ప్రేమగా అంటున్నాననుకుని నా చేతిని తట్టారు.

రెండు నెలలు ఆగమని మనసు పోరుతోంది. చెవులు వచ్చాక, ఆయన కోలుకున్నాక, ఒక మంచి పూట చూసి చెప్పుకోవచ్చని. అలా ఆగే కదా ఇంతవరకు తెచ్చాను. ఆయన కళ్లకేమీ కాలేదు, చదవగలరు. ఈ వాక్యం అయిపోగానే బుధవారం పేజీ తీసి ఈ పుస్తకం ఆయన చేతిలో పెడుతున్నాను.